అలవాటుపడ్డ చెవి

నా నోరు మంచిది కాదని మా కేంద్రంలో పేరు. మాట తిన్నగా రాని పిల్లలకు మాట నేర్పే చోట ఇరవయ్యారేళ్ళుగా పనిచేస్తున్న మనిషికి ఇలాంటి పేరేమిటని కొత్తగా చేరినవాళ్ళు నవ్వుకుంటారు. పిల్లల దగ్గర నేనెప్పుడూ గొంతు పెంచలేదు. పెద్దవాళ్ళ దగ్గరే నాకు ఓపిక తక్కువ. అందుకే కొలతలాయన మొదటిసారి నా గది గుమ్మంలో నిలబడి, మీ పద్ధతి ఎంతవరకు పనిచేస్తోందో చూడడానికి వచ్చానని చెప్పినప్పుడు, ముందు ఆ బూట్లు బయట విప్పి రమ్మన్నాను. లోపల ఉన్నది పిల్లలు బోర్లా పడుకుని ఆడుకునే చాప.

కొలతలాయన అన్న పేరు నేను పెట్టిందే. సన్నటి మనిషి, నెమ్మదైన గొంతు, చొక్కా జేబులో మూడు పెన్సిళ్ళు. పిల్లలు బాగుపడుతున్నారండీ అని చెబితే సంతోషించడు. ఎంతమంది, ఎంత బాగుపడ్డారు, విని చెప్పిందెవరు అని అడుగుతాడు. విని చెప్పింది నేనే అన్నాను. ఆ ముక్క రాసుకుని, దాని కింద గీత గీశాడు. ఆ గీత చూసి నాకు ఒళ్ళు మండింది.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. కొందరు పిల్లలకు చెవులు బాగానే వినిపిస్తాయి, తెలివికి లోటుండదు, నాలుక కూడా చక్కగా ఆడుతుంది. అయినా కొన్ని అక్షరాలు నోట పలకవు. 'క' రావాల్సిన చోట 'త' వస్తుంది, 'గ' రావాల్సిన చోట 'ద' వస్తుంది. మూడేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ ముద్దుగా మళ్ళీ మళ్ళీ అనిపించుకుంటారు. ఆరేళ్ళప్పుడు బళ్ళో తోటి పిల్లలు అనిపించుకుని నవ్వుతారు. అప్పుడు మా దగ్గరికి తీసుకొస్తారు.

మా కేంద్రంలో రెండు పద్ధతులున్నాయి. నాది ఆటల పద్ధతి. పిల్లతో పాటు చాప మీద కూర్చుని ఆడతాను, కథలు చెబుతాను, కబుర్లాడతాను. తప్పు దిద్దను. "తుత్త వచ్చింది" అంటే, అవునమ్మా కుక్క వచ్చింది, ఎంత పెద్ద కుక్కో అంటాను. సరైన మాట వినగా వినగా నోటికి అదే వస్తుందని నా నమ్మకం. రెండోది జంటల పద్ధతి. రెండేళ్ళ క్రితం చేరిన కొత్తమ్మాయి తెచ్చింది. ఆమె బల్ల మీద కోట బొమ్మ, తోట బొమ్మ పక్కపక్కన పెడుతుంది. పిల్లవాడికి కోట కావాలి, నోటికి తోట అని వస్తుంది. ఆమె నిక్షేపంగా తోట బొమ్మే తీసి చేతిలో పెడుతుంది. వాడు అది కాదంటాడు. మరేది అంటుంది. ఇలా అయిదారుసార్లయ్యేసరికి వాడికి ఏడుపొస్తుంది, లేదా 'క' వస్తుంది. తెలిసి తెలిసి పిల్లల్ని ఏడిపించే పద్ధతి అని నేను మీటింగులో అందరి ముందూ అన్నాను. కొత్తమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. పాపం, నోట్లో నాలుక లేని పిల్ల.

నా పిల్లలందరిలో పిట్ట వేరు. అసలు పేరు రిజిస్టరులో ఉంది, పిట్ట అన్నది నేను పెట్టుకున్న పేరు. మూడున్నరేళ్ళప్పుడు వాళ్ళ నాన్న చంకనెక్కి వచ్చింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు, ఎప్పుడూ ఏదో ఒక డ్యూటీ. వచ్చిన రోజు వాళ్ళ నాన్న భుజంలో మొహం దాచుకుని, ఆయన అడిగితేనే మాట్లాడిన పిల్ల, మూడు నెలలకల్లా గదిలోకి వస్తూనే మొదలుపెట్టి, వెళ్ళేదాకా నోరు మూసేది కాదు. వాళ్ళ నాన్న హారన్ గట్టిగా కొట్టిన సంగతి, పక్కింటి ముసలాయన కళ్ళజోడు పోగొట్టుకున్న సంగతి, వాళ్ళమ్మ ఎవరి మీద విసుక్కుందో ఆ సంగతి, అన్నీ నాకు చెప్పాలి. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. ఎవరూ నేర్పలేదు, తనే పిలిచింది. మంగళ, గురు, శుక్రవారాలు, పదకొండు నుంచి పావు తక్కువ పన్నెండు దాకా. వారంలో ఆ రోజులకు నాకు వేరే రంగు ఉండేది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, శనివారం మధ్యాహ్నం కేంద్రం తలుపు వేసి ఇంటికి పోయాక, సోమవారం పొద్దున దాకా నాకు నోరు తెరిచే పని ఉండదు. రెండు గదుల ఇల్లు. కింద వాటాలో ఉన్నవాళ్ళు మెట్ల దగ్గర తల ఊపుతారు, నేనూ ఊపుతాను. ఆదివారం చెల్లెలు ఫోను చేస్తే మూడు ప్రశ్నలు అడుగుతుంది. తిన్నావా, మోకాలెలా ఉంది, ఇంకేంటి. మూడోదానికి నేను జవాబు వెతుక్కునేలోపు అటు కుక్కరు కూస్తుంది. ఒక్కోసారి సోమవారం పొద్దున కాపలా ఆయనకు నమస్తే అనబోతే గొంతు పెగలదు. దగ్గి, సవరించుకుని అంటాను. పొడి దగ్గా అని ఆయన అడుగుతాడు, అవునంటాను.

కొలతలాయన పని ఇలా సాగింది. మా ఇద్దరి పిల్లల్లోంచి చెరో పన్నెండు మందిని చీటీలు తీసి ఎంచాడు. ప్రతి పిల్లా వచ్చిన రోజున, ఆ తర్వాత ఆరు నెలలకోసారి, తనకు నచ్చిన సంగతి చెప్పించి రికార్డు చేయడం మాకు మొదటినుంచీ అలవాటు. ఆ రికార్డుల్లోంచి మొదటిది, చివరిది తీశాడు. ఒక్కోదాంట్లో వంద మాటలు. చివరిదాంట్లో ఎన్ని అర్థమయ్యాయో ముందు మమ్మల్నే గుర్తులు పెట్టమన్నాడు. తర్వాత ఆ పిల్లల్ని జన్మలో చూడనివాళ్ళను అయిదుగురిని పట్టుకొచ్చాడు. బట్టలు కుట్టే ఆవిడ, రిటైరైన పోస్టుమాస్టరు, లైబ్రరీ గుమస్తా, కాలేజీ పిల్లలిద్దరు. ఏది ముందుదో ఏది తర్వాతదో, ఏ పిల్ల ఎవరి దగ్గర నేర్చుకుందో వాళ్ళకు చెప్పలేదు. విన్నది విన్నట్టు రాయమన్నాడు, అంతే. వాళ్ళను లోపలికి పంపుతుంటే వరండాలో చూసి, టైలరమ్మ మా పిల్లల మాటకు మార్కులేస్తుందా అన్నాను. ఆవిడకు వినపడేలాగే అన్నాను.

గెలుపు నాదేనని నాకు అనుమానమే లేదు. పిట్ట చివరి రికార్డుకు నేను ఎనభై ఎనిమిది వేశాను. ఒకటి రెండు ఎక్కువే వెయ్యాల్సింది, పొగరనుకుంటారని తగ్గించాను.

ఆ వారంలోనే గురువారం పిట్ట రాలేదు. శుక్రవారం వాళ్ళ నాన్న ఒక్కడే వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే వచ్చి, చాప అంచున గొంతుక్కూర్చుని జరిగింది చెప్పాడు. బుధవారం సాయంత్రం బస్టాండులో పిట్ట చెయ్యి వదిలేసిందట. జనంలో తప్పిపోయింది. భయపడలేదట, ఏడవలేదట, కనపడినవాళ్ళందరికీ తన పేరూ, నాన్న బస్సు నంబరూ, ఇల్లు గడియార స్తంభం వెనక అనీ చెప్పిందట. ఒక్కరికి ఒక్క ముక్క అర్థం కాలేదు. వేరే దేశపు పిల్లేమో అనుకుని, ఆ భాషా ఈ భాషా వచ్చినవాళ్ళను వెతికి తెచ్చి మాట్లాడించారట. నాలుగు భాషలవాళ్ళు వచ్చి పోయారట. గంటంపావు తర్వాత ఈయన కనుక్కునేసరికి పోలీసు కుర్చీలో కూర్చుని, నోరు గట్టిగా మూసుకుని ఉందట. అప్పటినుంచి ఇంట్లో తప్ప మాట్లాడడం లేదు. నాలుగు నెలల్లో ఒకటో తరగతి. పిల్ల నోరు విప్పకపోతే చేర్చుకోవడం కష్టమని బడివాళ్ళు ముందే చెప్పారు.

నాలుగు భాషలవాళ్ళన్న దగ్గర ఆయన నవ్వబోయాడు, నవ్వలేకపోయాడు.

"ఆ పిల్ల మాట మీకూ నాకూ అర్థమవుతుంది కదండీ, వాళ్ళకెందుకు కాలేదు?" అని అడిగాడు.

జనం కంగారు పెట్టి ఉంటారు, గోల గోలగా ఉండి ఉంటుంది అన్నాను. ఆయన నమ్మాడు. ఆయనకు నేనేం చెప్పినా నమ్మకమే. ఆ ప్రశ్న మాత్రం ఆ రోజంతా నన్ను వదల్లేదు.

సోమవారం కొలతలాయన ఫలితాలు పట్టుకుని వచ్చాడు. ఈసారి చెప్పకుండానే బూట్లు విప్పాడు. కొత్తమ్మాయి పిల్లలకు ఆమె వేసిన గుర్తులూ, బయటివాళ్ళ లెక్కా దాదాపు కలిశాయి. ఆమె డెబ్భై అంటే వాళ్ళు అరవయ్యారు అన్నారు. నా పిల్లలకు నేను సగటున ఎనభై రెండు వేశాను, బయటివాళ్ళకు అర్థమైంది నలభై ఒకటి. పిట్టకు మరీ అన్యాయం, ముప్ఫయ్యేడు. నేను కాగితం బల్ల మీద పడేశాను. టైలరమ్మకు చెవుడేమో ముందు పరీక్ష చేయించండి అన్నాను. ఆయన కోప్పడలేదు. అయిదుగురి చెవులూ పరీక్ష చేయించాకే కూర్చోబెట్టానండీ అన్నాడు. తర్వాత, మీకు ఓపికుంటే పది రికార్డులు ఇస్తాను, మీరూ ఆ అయిదుగురిలాగే విని, విన్నది రాయండి అన్నాడు. ఓపిక ఎందుకు లేదు, ఇలా తెండి అన్నాను.

చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని రెండు గంటలు కూర్చున్నాను. కొన్ని గొంతులు నాకు తెలియవు. అవి కొత్తమ్మాయి పిల్లలవని ఊహించాను, అప్పుడే కొత్తగా చేర్చుకున్నవాళ్ళవని మాత్రం తర్వాత తెలిసింది. వాటిలో నాకు సగం కూడా అర్థం కాలేదు. అర్థం కాకపోయేసరికి మనసులో గర్వంగా కూడా అనిపించింది, ఇదీ వాళ్ళ పద్ధతి గొప్ప అని. ఎనిమిదోది పిట్టది. గొంతు పసిగా ఉంది, చిన్నప్పటిదని తెలుస్తూనే ఉంది. బస్సులో ఎవరిదో కోడి తప్పించుకుని సీట్ల కింద దూరిన సంగతి చెబుతోంది. నవ్వుకుంటూ రాసేశాను. ఎక్కడా ఆపుకోలేదు.

ఆయన నేను రాసింది లెక్కపెట్టాడు. ఎనభై నాలుగు. తర్వాత తన ఫైలులోంచి ఒక పాత కాగితం తీసి నా ముందు పెట్టాడు. పిట్ట వచ్చిన రోజున అదే రికార్డు విని నేను రాసుకున్న కాగితం. నా చేతిరాతే. వందకు ముప్ఫయ్యొకటి. కింద, 'ఏదో జంతువు గురించి చెబుతోంది, ఏమిటో తెలియలేదు' అని రాసి, తేదీ వేసి సంతకం చేశాను.

"రికార్డు అదేనండీ," అన్నాడు కొలతలాయన. "అందులో పిల్ల మారడానికి లేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన ఇంకా చెబుతున్నాడు. ఇది మీ తప్పు కాదండీ, వారానికి మూడురోజులు ఒకే గొంతు వింటే ఎవరి చెవికైనా ఇంతే, తల్లులకూ ఇంతే, అందుకే బయటి చెవులు కావాలంటాను అన్నాడు. మీ పద్ధతిలో మేలు లేదని కూడా నేననను, మీ దగ్గరికి వచ్చిన పిల్లలు రెండింతలు ఎక్కువ మాట్లాడుతున్నారు, నోరే విప్పనివాళ్ళకు మీరే దిక్కు, కానీ మాట్లాడేది మీతోనే అన్నాడు. పన్నెండుమందిని చూసి లోకమంతటికీ తీర్పు చెప్పకూడదని కూడా అన్నాడు. మర్యాదస్తుడు. నేను వింటున్నట్టు తలాడించాను. నా కళ్ళ ముందు నా చేతిరాతే ఉంది.

రెండేళ్ళు. బయటివాళ్ళ లెక్కలో పిల్ల ముప్ఫై మూడు నుంచి ముప్ఫయ్యేడుకు వచ్చింది. నా చెవి ముప్ఫయ్యొకటి నుంచి ఎనభై నాలుగుకు పోయింది. పాఠం నేర్చుకున్నది నేను. పిల్ల తన మాటలు నాకు నేర్పింది, నేను మంచి విద్యార్థినిలాగా నేర్చుకున్నాను, నేర్చుకుంటూ మురిసిపోయాను. ఆ మురిపెంలోనే నేను గమనించాల్సింది గమనించలేదు. దానికి నా దగ్గర 'క' అవసరమే పడలేదు. తన మాట ఇక్కడ చెల్లుతుంటే కొత్త మాట ఎందుకు తెచ్చుకుంటుంది? బస్టాండులో నాలుగు భాషలవాళ్ళు వచ్చిపోయింది నావల్లే అని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ సాయంత్రం నడిచి ఇంటికి పోయాను. దారిలో ఒక దుకాణంలో సబ్బు కొన్నాను. ఇంకేమైనా కావాలా అని అతనడిగితే, వద్దన్నట్టు చెయ్యి ఊపాను.

మర్నాడు మంగళవారం. వాళ్ళ నాన్న పిట్టను తీసుకొచ్చాడు. వరండాలో బిగుసుకుని ఉన్న పిల్ల, నా గదిలోకి వచ్చి తలుపు వేసుకోగానే గలగలా మొదలుపెట్టింది. పోలీసు కుర్చీ ఎత్తుగా ఉందట, కాళ్ళు నేలకు అందలేదట. ఒకావిడ ఏదో భాషలో పాట పాడి చూపించిందట. నాకు ప్రతి ముక్కా అర్థమైంది. అంత పిల్ల, ఆరు రోజులు దాచిపెట్టుకున్న మాటలన్నీ నా దగ్గరికి మోసుకొచ్చింది. అవి వింటూ నేను ఒక పని చేశాను, చెప్పుకోవడానికి సిగ్గే. ఇంకొక్క ఆరు నెలలు నా దగ్గరే ఉంచుకుని జంటల పద్ధతి నేనే నేర్చుకుని నేర్పితే ఏం పోయిందని లెక్కలు వేసుకున్నాను. కొత్తమ్మాయి బల్లా బొమ్మలూ ఏమంత బ్రహ్మవిద్య? కానీ అర్థమైన మాటను అర్థం కానట్టు నటించాలి, వచ్చిన ప్రతిసారీ ముప్పావుగంట, దాని మొహంలోకి చూస్తూ. అది నావల్ల కాదని నాకే తెలుసు. ఆమెకైతే నిజంగానే అర్థం కాదు. ఆ పిల్లకు ఇప్పుడు కావాల్సింది అదే.

పావు తక్కువ పన్నెండుకు వాళ్ళ నాన్నను లోపలికి పిలిచి, గురువారం నుంచి పిట్ట కొత్తమ్మాయి దగ్గరికి వెళ్ళాలని చెప్పాను. ఆయన బిత్తరపోయాడు. మావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా అని అడిగాడు. పొరపాటు నాదేనని, రెండేళ్ళుగా పిల్ల బాగుపడుతోందని మీకు చెప్పింది తప్పని, కాగితాలు చూపించి చెప్పాను. ఆయన ఆ అంకెలు చాలాసేపు చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"మరి పెద్దమ్మ దగ్గరికి ఎప్పుడు రావాలని అడిగితే ఏం చెప్పమంటారు?" అన్నాడు.

పిట్ట అప్పటికే చెప్పులు తిరగేసి తొడుక్కుంటోంది.

మొదటి రెండు వారాలు కొత్తమ్మాయి గదిలోంచి ఏడుపు వినపడేది. గోడ పలచన. నేను నా గదిలో కిటికీ వేసుకునేదాన్ని, ఆ గదికీ నా కిటికీకీ సంబంధం లేకపోయినా. మూడో వారం ఏడుపు ఆగింది. అది ఇంకా కష్టమైంది. పదకొండయ్యేసరికి నా చెవి తలుపు వైపే పోయేది. ఆ గంటకు వేరే పిల్లవాడిని ఇచ్చారు, మంచి పిల్లవాడు, ఎక్కువ మాట్లాడడు. నేను వాడితో ఆడుతూ, వాడేమన్నా అంటే మునుపటిలా ముచ్చటపడకుండా, ఇది కొత్త మనిషికి అర్థమవుతుందా అని ఆలోచించేదాన్ని. నెలకోసారి నా పిల్లల రికార్డులు వినడానికి బయటివాళ్ళను పంపమని కొలతలాయనను నేనే అడిగాను. టైలరమ్మనే పంపాడు. టీ ఇచ్చి కూర్చోబెట్టాను. ఆవిడ నన్ను మర్చిపోయినట్టు నటించింది, అది ఆవిడ మంచితనం.

మూడు నెలలయ్యాక ఒకరోజు కొత్తమ్మాయి నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతిలో కాగితం నలుపుతూ, పిట్ట సంగతి చెప్పింది. బొమ్మలతో 'క', 'గ' రెండూ వస్తున్నాయట. వరండాలోకి, వీధిలోకి తీసుకెళ్ళి కాపలా ఆయనతో, దుకాణాలవాళ్ళతో మాట్లాడిస్తోందట, వాళ్ళకు అర్థమవుతోందట. ఇంట్లో వాళ్ళమ్మా నాన్నా కూడా పాత మాట వింటే అర్థం కాలేదు తల్లీ అనడం నేర్చుకున్నారట. అంతవరకూ చెప్పి ఆగింది. ఇంకేమిటమ్మాయ్ చెప్పు, నేనేం కరవను అన్నాను.

"మొన్న వరండాలో మిమ్మల్ని చూసి మాట్లాడింది కదా మేడమ్. మళ్ళీ రెండు రోజులు నా దగ్గరా అదే మాట. పాత మాట చెల్లే చోటు ఇప్పుడు మీరొక్కరే మిగిలారు," అంది.

నేనామెను కడిగి పారేశాను. నా ఊపిరి కూడా మీ పద్ధతికి అడ్డమా అన్నాను. పిల్లకు ఈ ప్రపంచంలో ఒక్క మనిషైనా హాయిగా మాట్లాడడానికి ఉండొద్దా అన్నాను. అంటూ ఉండగానే, ఆ ఒక్క మనిషి ఎవరికి కావాలో నాకు తట్టింది. పిల్లకు వాళ్ళమ్మా నాన్నా ఉన్నారు, రేపు బడి ఉంటుంది, స్నేహితులుంటారు. కొత్తమ్మాయి తల వంచుకుని నిలబడింది, వెళ్ళలేదు. నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాను గానీ, తన పిల్ల కోసం గట్టిగానే నిలబడింది. బడి ఎప్పుడు తెరుస్తారని అడిగాను. పదకొండు రోజులుందట. సరే అన్నాను.

ఆ శుక్రవారం పిట్ట, వాళ్ళ నాన్న పది నిమిషాలు ముందే వచ్చారు. నేను నీళ్ళ సీసా నింపుకుని వరండాలో వస్తున్నాను. నన్ను చూడగానే పిట్ట నాన్న చెయ్యి వదిలేసి పరుగెత్తుకొచ్చింది. రెండు చేతులతో నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. పొడుగైంది. ముందు పన్ను ఒకటి ఊడింది.

"పెద్దమ్మా, మా తిటితీలో తాతి దూడు తట్టింది," అంది.

అది నోరు మూసేలోపే నాకు అర్థమైపోయింది. వాళ్ళ కిటికీ, కాకి, గూడు, అన్నీ కళ్ళకు కట్టాయి. మొన్న విన్న నాలుగు ముక్కలు తప్ప, ఎన్నాళ్ళైంది ఆ మాట విని. వాళ్ళ నాన్న దూరంగా నిలబడి నన్నే చూస్తున్నాడు, కొత్తమ్మాయి గది తలుపు సగం తెరిచి ఉంది.

"నాకర్థం కాలేదమ్మా," అన్నాను.

పిట్ట నవ్వింది. ఆటనుకుంది. మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా, నాకు చెవుడేమో అన్నట్టు. అర్థం కాలేదన్నాను. మూడోసారి చెప్పబోయి ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. నేను మొహం కదలనివ్వలేదు. ఇరవయ్యారేళ్ళలో ఏ పిల్ల ముందూ నేను అంత కష్టపడలేదు. దాని చేతులు నా కుచ్చిళ్ళు వదిలేశాయి. ఒక అడుగు వెనక్కి వేసింది. దుకాణం ముందు నిలబడినట్టు, కాపలా ఆయన ముందు నిలబడినట్టు నిటారుగా నిలబడి, 'క' కోసం కొత్తమ్మాయి నేర్పినట్టు గొంతు దగ్గర వేలు ఆనించుకుంది.

"మా కిటికీలో కాకి గూడు కట్టిందండీ," అంది.

రెండేళ్ళు నేను ఎదురుచూసిన 'క' అది. ఒకటి కాదు, వరసగా వచ్చాయి. టైలరమ్మకైనా, పోస్టుమాస్టరుకైనా, బస్టాండులో ఎవరికైనా అర్థమవుతుంది. నాకు ఏడుపొచ్చింది. మింగేసి, అలాగా, గూడు కట్టిందా, గుడ్లు ఎన్నున్నాయి అని అడిగాను.

"ఇంకా చూడలేదండీ," అని చెప్పి, నాన్న దగ్గరికి నడిచి వెళ్ళి ఆయన వేలు పట్టుకుని, పిట్ట కొత్తమ్మాయి గదిలోకి వెళ్ళిపోయింది.